గరుడ ఒకటి, గరుడ రెండు

జనవరి 9, 1974
కోదాడ

మిర్యాలగూడ మిల్లు సేటు కొత్త సంవత్సరానికి మా లెవీ స్క్వాడ్‌లో అందరికీ డైరీలు పంచాడు. మిగతావాళ్ళు ఇంట్లో పిల్లలకిచ్చేశారు. నాకు పిల్లలు లేరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

రోజంతా జీపులో కూర్చుని ఇంకొకరి మాటలు మైకులో చెప్పడమే నా కొలువు. సుందరరామయ్య సార్ ఒకటి అంటాడు. నేను బటన్ నొక్కి అదే అంటాను. అవతలి జీపులో జానీ విని జమాదార్ పర్వతాలుకు చెప్తాడు. పర్వతాలు ఏదో అంటాడు, జానీ అది నాకు చెప్తాడు. పొద్దు గూకేసరికి నా సొంత మాట ఒక్కటీ మిగలదు. అందుకే ఈ డైరీ.

మా జీపు పేరు గరుడ ఒకటి. వాళ్ళది గరుడ రెండు. పేర్లు సార్ పెట్టినవే.

జనవరి 12

సర్కారు వాటా వడ్లు లెవీగా కట్టినట్టు చీటీ లేకుండా ఏ రైతూ వడ్లు ఊరు దాటించకూడదు. ఈ మాట రోజూ ఎవరికో ఒకరికి చెప్తూనే ఉన్నాం. విన్నవాళ్ళు తల ఊపుతారు, తర్వాత కాలువ కట్టల మీదుగా, వాగుల్లో పడి పోతారు. రోడ్డెక్కేవాడు లేడు. మా జీపులు కూడా ఇప్పుడు రోడ్డు మీద తిరిగేది తక్కువ. ఇవాళ రేగడి చేనులో దిగబడితే ముందు చక్రాల గేరు వేసి లాగాల్సి వచ్చింది. ఏరియల్ కడ్డీ తుమ్మకొమ్మకు తగిలి వంగింది. తాడు కట్టి నిలబెట్టాను.

సాయంత్రం సార్ అన్నాడు: "ఏమయ్యా నర్సింహా, పర్వతాలు వైపు నుంచి కేసులు వస్తున్నాయి. నీ కంటికి ఒక్క బండీ ఆనదేం? నిన్ను పర్మనెంట్ చెయ్యమని పైకి రాయాలంటే నేనేం రాయను?"

జగ్గయ్యపేట మనిషి. తిట్టినా మెల్లగానే తిడతాడు.

జనవరి 20

నిన్న సెలవు. వేములపల్లిలో అక్క ఇంటికి పోయాను. యూనిఫాంలోనే పోయాను. మార్చుకునే టైం లేదు.

గౌరయ్య బావ మంచం మీద కూర్చుని నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"గా జీబుల నీ పనేంది బామ్మర్దీ?"

చెప్పాను. వైర్‌లెస్ సెట్టు ఎలా పనిచేస్తుందో, రెండు జీపులు ఎంత దూరంలో ఉన్నా ఎలా మాట్లాడుకుంటాయో వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "డబ్బతోని మాట్లాడుడన్నట్టు" అన్నాడు. "మనుషులతోని మాట్లాడే పనైతే కాదు."

గుమ్మంలో నిలబడ్డ మంగ నవ్వింది. మంగ బావకు చెల్లెలు.

అక్క నవ్వలేదు. బాలనర్సమ్మ అక్క ఎప్పుడూ నా వైపే. "మంగను మా నర్సింహకిస్తే కుండమార్పిడి అయితది. నేను గీడికొచ్చిన, అది గాడికి వోతది" అంది. ఈ మాట అక్క ఇంతకు ముందూ అంది. అప్పుడు బావ ఏమీ అనేవాడు కాదు. నిన్న అన్నాడు.

"రైతుల నోటికాడి వడ్లు గుంజుకపొయ్యే జీబుల తిరిగెటోనికి నా చెల్లెనియ్య. ఇంకో కొలువు సూసుకొమ్మను. అప్పుడు మాట్లాడుదం."

పక్కింటివాళ్ళు ఉన్నారు. మంగ లోపలికి పోయింది.

వచ్చేటప్పుడు అక్కకు చెప్పాను, అమ్మకు ఈసారి వడ్లు తొందరగా పంపమని. ఆత్మకూర్‌లో చెలకలు ఎండిపోయాయి, అమ్మ దగ్గర జొన్నలు కూడా లేవు. "మీ బావ బండి కడ్తడు తియ్, యాడాది యాడాది పంపుతలేమా" అంది. చీటీ కావాలి కదా అని అక్క అంటే, ఆ సంగతి నేను చూసుకుంటానన్నాను.

మంగ నవ్వినందుకు కాదు నా బాధ. మంగ ఊరికే నవ్వుతుంది. అందరి ముందు అన్నాడు, అదీ.

జనవరి 28
మిర్యాలగూడ

క్యాంపు ఇక్కడికి మారింది. మిల్లు పక్క గోదాములో మాకు చోటిచ్చారు. సార్‌కు మిల్లు గెస్ట్‌హౌస్. అమ్మ వడ్ల చీటీ గురించి రేపు అడగాలి.

ఫిబ్రవరి 3

చీటీ అడగలేదు. సార్ మూడ్ బాగాలేదు.

ఫిబ్రవరి 11

ఇవాళ నా చేతి మీదుగా మొదటి కేసు.

కాలువ కట్ట ఎత్తు మీద జీపు ఆపుకుని చూస్తున్నాను. దూరంగా కందిచేనులో ఎవరో తల మీద సంచులతో పోతున్నారు. మొగుడూ పెళ్ళాం. తండావాళ్ళు. గరుడ రెండు కిందనుంది, వాళ్ళకు చేను అడ్డం. నేను మైకులో "ఎడమకు" అన్నాను. జీపు ఎడమకు తిరిగింది. "ఇంకా ముందుకు, వాగు దాటి" అన్నాను. వాగు దాటింది. "ఆపు. ఇప్పుడు కుడివైపు" అన్నాను. అంత దూరంలో ఉన్న బండి నా నోటితో తిరుగుతోంది. బొమ్మలాటలో దారం పట్టుకున్నట్టుంది.

మంగ్త్యా అట అతని పేరు. ఆవిడ సాలి. పర్వతాలు మంగ్త్యాను కొట్టాడని జానీ చెప్పాడు. ఆ సాలి సంచి మీద బోర్లా పడుకుని లేవనంటే ఆవిడనూ కొట్టాడట. మా జీపు దగ్గర జరిగింది కాదది.

"నీ గొంతు సెట్టుల ఖంగుమని ఒస్తది భాయ్, పక్కన కూసున్నట్టే" అన్నాడు జానీ.

సార్ నా భుజం తట్టాడు.

ఫిబ్రవరి 19

ఒక బండి దొరికింది. కాలువలో పడింది. ఎద్దు ఒకటి చచ్చిపోయింది. బండి తోలే మనిషికి చెయ్యి దెబ్బ తగిలింది. గౌరయ్య బావ.

మా డ్రైవర్ ముందు చూశాడు. వాడు చూశాక నేను చెప్పకుండా ఉండే వీలు లేదు.

సిగ్నల్ సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 20

పొద్దున్నే అక్క క్యాంపుకు వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వున్నవ్ గదా అని ఒచ్చిన తమ్మీ" అంది. నేను ఉన్నానని అంది. నేనెక్కడున్నానో అడగలేదు.

"అమ్మకు వడ్లు తీస్కపోతుండె. గంతే. అమ్ముకుంటందుకు కాదు. నువ్వు చెప్పరాదు మీ సార్‌కు?"

చెప్పాను. సార్ గెస్ట్‌హౌస్ వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆ గౌరయ్య మా అక్క మొగుడని చెప్తే పేపరు కిందికి దించి నా మొహం చూశాడు. ఏదో అన్నాడు. అది రాయక్కర్లేదు. తర్వాత, "సరేలే, బండి దానంతట అదే బోల్తా పడిందని వేలిముద్ర వేయించు. వడ్లు మిల్లుకు పంపించు. కేసు లేదు, తీసుకుపొమ్మను" అన్నాడు.

వేలిముద్ర నేనే వేయించాను. కుడిచేతికి కట్టుంది కాబట్టి ఎడమ బొటనవేలు. పర్వతాలు వాళ్ళు అరుగు మీద పడుకోబెట్టారు. బావకు జ్వరం. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపు చూడలేదు. నేను వేలు పట్టుకుని సిరా అద్దుతుంటే కూడా చూడలేదు. ఒళ్ళు తెలియడం లేదేమో.

అక్క నా కాళ్ళకు మొక్కబోయింది. పెద్దది నాకు మొక్కడమేమిటని ఆపాను. "నువ్వు లేకపోతే మేమేమైపోదుము" అంది.

నిజమే కదా. నేను అడగకపోతే కేసు అయ్యేది.

ఫిబ్రవరి 22

డ్రైవర్ ముందు చూశాడని మొన్న రాశాను. డ్రైవర్ యాదగిరి అప్పుడు జీపు నీడన తువ్వాల పరుచుకుని నిద్రపోతున్నాడు. మెలకువగా ఉంటే చూసేవాడే.

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడతాను. తర్వాత దీని గురించి రాయను.

సార్ మిల్లువాళ్ళతో భోజనానికి పోయాడు. పోతూ, "కనపడింది కనపడినట్టు చెప్పు, మిగతాది గరుడ రెండు చూసుకుంటుంది" అన్నాడు. జీపు కాలువ కట్ట మీద, వంతెనకు ఇవతల. ఎండ బాగా ఉంది. కట్ట వెంబడి ఒక బండి అవతలి వైపుకు పోతోంది. ఎడమ ఎద్దుకు కొమ్ము మొండి. ఆ ఎద్దును కొని తెచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. మంగ దాని నుదుటికి పసుపు రాసింది. నాకు బండి ఎవరిదో తెలుసు, ఎక్కడికి పోతోందో తెలుసు, చీటీ లేదనీ తెలుసు.

నేననుకున్నది ఒక్కటే. గరుడ రెండు ఆపుతుంది. పర్వతాలు కాసేపు గదమాయిస్తాడు. బావ చేతులు కట్టుకుని నిలబడతాడు. అప్పుడు నేను మైకులో "వదిలెయ్యండి, మా మనిషి" అంటాను. బండి కదులుతుంది. డబ్బాతో మాట్లాడేవాడు ఒక్క మాటంటే ఏమవుతుందో ఆయనకు తెలుస్తుంది. ఆ రాత్రి ఇంట్లో అక్కకు చెప్తాడు, మంగ వింటుంది. ఇంతే అనుకున్నాను. ఇందులో చెడేముంది?

బటన్ నొక్కి చెప్పాను.

బావ ఆగలేదు. జీపు ఎదురుగా రావడం చూసి బండిని కట్ట మీదే వెనక్కి తిప్పాడు. ఎడ్లను అదిలించాడు. ఆయన నా వైపే వస్తున్నాడు, వెనక గరుడ రెండు వస్తోంది. హారన్ కొడుతూ వస్తోంది. మూలమలుపు దగ్గర కట్ట అంచు కూలి ఒక చక్రం జారింది. బండి మెల్లగా పక్కకు ఒరిగింది. చాలా మెల్లగా. నేను మైకు నోటి దగ్గర పట్టుకునే ఉన్నాను. జానీ తన బటన్ నొక్కి పట్టుకుని అరుస్తున్నాడు. ఒకరు నొక్కి పట్టుకుంటే రెండోవాడి మాట పోదు. ఇది ఆపరేటర్లందరికీ తెలిసిన సంగతి. నేను చెప్పినా పోయేది కాదు.

మొండి కొమ్ముది కాడికి ఉరిపడి నీళ్ళలోనే పోయింది. రెండోది బయటపడింది. బావ చెయ్యి చక్రానికీ కాలువ రాళ్ళకూ మధ్య నలిగింది. వాళ్ళు ఆయన్ని తీసి జీపులో పడుకోబెట్టారు.

ఈలోపు సార్ మిల్లు కారులో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాన్ నములుతున్నాడు. "శభాష్, ఎవరయ్యా వాడు?" అన్నాడు. అప్పుడే సెట్టులో జానీ ఏదో అడిగాడు.

సిగ్నల్ సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 26
సూర్యాపేట

బావను సూర్యాపేట దవాఖానకు తెచ్చారు. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. చీము పైకి పాకుతోందట, తియ్యకపోతే మనిషే దక్కడన్నారు.

ఆత్మకూర్ నుంచి అమ్మ వచ్చింది. వార్డులో పక్క మంచాలవాళ్ళందరికీ చెప్తోంది. "పోలీసుల చేతులకెంచి నా కొడుకే ఇడిపించిండు. సర్కారు కొలువు వానిది. పెద్ద సారుతోని ఎదురు మాట్లాడి ఇడిపించిండు." ఒక ముసలావిడ నన్ను దగ్గరికి పిలిచి చెంపలు నిమిరింది.

బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను సంత్రాలు తెచ్చాను. అక్క ఒలిచి నోట్లో పెట్టబోతే పెదవులు తెరవలేదు. "నొప్పికి గట్లున్నడు తమ్మీ, నువ్వేమనుకోకు" అంది అక్క.

నేనేమీ అనుకోలేదు.

ఫిబ్రవరి 27

బావకు జ్వరం తగ్గింది.

మార్చి 8
మిర్యాలగూడ

పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. సార్ బాగా రాశాడు. చురుకైన కన్ను, స్పష్టమైన గొంతు అని రాశాడట.

మార్చి 15

అక్క కబురు పంపింది. ఉగాదికి రమ్మంది. మంగ సంగతి ఆ రోజు తేల్చేద్దామంది. కబురు తెచ్చినవాడు వేములపల్లి మనిషే. నేను అడగకుండానే అన్నీ చెప్పాడు. ఇంట్లో అందరికీ ఇష్టమట. ఆపదలో నిలబడ్డవాడికి పిల్లనివ్వకపోతే ఎవరికిస్తామని అక్క ఊళ్ళో చెప్తోందట. మరి బావో, అని అడిగాను. ఏమీ అనలేదట. తల ఊపాడట.

నాకు ఇవాళ పనిలో మనసు నిలవలేదు. జానీ రెండుసార్లు పిలిస్తే గాని పలకలేదు. మంగను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాట్ల కాలంలో మోకాళ్ళ దాకా బురదతో గట్టెక్కి, నన్ను చూసి, ఆ బురద చేతుల్తోనే నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకునేది. నుదుటి మీద మట్టి చార మిగిలేది. చెప్తే తుడుచుకుంటుందని నేను చెప్పేవాణ్ణి కాదు.

ఒక మాట ఇక్కడ కాబట్టి రాస్తున్నాను. ఆ బండి పడకపోతే మంగ నాకు దక్కేది కాదు. బావకు జరిగింది ఘోరమే. కానీ ఆయన అప్పుడన్న మాట ఇప్పుడు ఆయనే వెనక్కి తీసుకున్నాడు. మనసులో కోపం ఉంటే తల ఊపుతాడా? ఆయనకు ఏమీ తెలియదు. తెలిసే దారి లేదు. రెండు జీపులు, నడుమ అంత దూరం.

చీర కొన్నాను. పచ్చ రంగు, ఎర్ర అంచు.

మార్చి 24
ఉగాది

వేములపల్లి నుంచి వచ్చాను. రేపు రాస్తాను.

మార్చి 25

సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

నిన్న నేను పోయేసరికి ఇల్లంతా అలికి ముగ్గులేసి ఉంది. అమ్మ ముందు రోజే వచ్చింది. అక్క కాళ్ళకు నీళ్ళిచ్చింది. మంగ లోపల ఉంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది. చీర సంచి అక్క చేతికిస్తే తెరిచి చూసి, "ఇంక మాట్లాడుకోనే లేదు, అప్పుడే చీర తెచ్చిండు సూడు" అని అమ్మకు చూపించి నవ్వింది.

బావ పెరట్లోంచి పిలిచాడు. "బామ్మర్దీ, ఇట్లరా."

కొట్టంలో ఒక్క ఎద్దే ఉంది. బావ దానికి ఎడమచేత్తో గడ్డి వేస్తున్నాడు. కుడిచెయ్యి చివర గుడ్డ చుట్టి ఉంది. గడ్డి సగం కింద పడుతోంది. నేను అందుకోబోతే వద్దన్నట్టు తల ఆడించాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"ఆ దినం నన్ను జీబుల కింద పండవెట్టిండ్రు" అన్నాడు. "నా తలకాయ పక్కపొంటే మీ డబ్బ ఉండె."

నేను కొట్టం గుంజకు ఆనుకున్నాను.

"మెలకువ లేదనుకున్నరు. ఉన్నది. అండ్లకెంచి నీ గొంతు ఇనవడ్డది. మొదలు ఇనంగనే పాణం లేచొచ్చినట్టైంది నాకు. మనోడే ఉన్నడు, ఇగ భయం లేదనుకున్న. ఆ జానీ పిలగానికి చెప్పిన. అండ్ల మాట్లాడేది నా బామ్మర్ది, నా పెండ్లాం తమ్ముడు, జర చెప్పు బిడ్డా అన్న. పాపం చెప్పిండు. మీ బావనంటున్నడు, నిజమేనా అని అడిగిండు."

"సిగ్నల్ సరిగ్గా లేకుండె బావా."

"మంచిగనే ఇనవడ్డది."

ఎద్దు గడ్డి నములుతోంది. బావ దాని మెడ మీద ఎడమచెయ్యి వేశాడు.

"'ఆడు నాకెవ్వడు గాదు. దొరికినోడల్ల గట్లనే చెప్తడు. తీసుకరాండ్రి' అన్నవ్. ఆఖరికి ఇంకో మాటన్నవ్. ఓవర్ అన్నవ్. ఓవరంటె ఏంది?"

మళ్ళీ అడిగాడు. "చెప్పు. నాకు సదువు రాదు."

"నా మాట అయిపోయింది, ఇగ నువ్వు చెప్పు అని."

"అట్లనా" అన్నాడు బావ. "అయితె ఇప్పుడు నేను చెప్త."

ఆయన గొంతు పెంచలేదు. వడ్ల ధర మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"మీ అక్కకు చెప్పలే. చెప్తె అది బతుకది. తమ్ముడు ఇడిపించిండని వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్నది. మీ అమ్మకు చెప్పలే. మంగకు చెప్పలే. అది పొద్దుగాల లేసి తలంటు పోసుకొని కూసున్నది. కని నా చెల్లెను నీకియ్య. నేను ఇయ్యనంటె ఎందుకియ్యవని మీ అక్క అడుగుతది. అందుకే నువ్వే వద్దను. అందర్ల అను."

"బావా, నేను ఆపుదామనే..."

"నేను నిన్నేమన్న అడిగిన్నా?"

కాళ్ళ మీద పడదామనుకున్నాను. పెరటి గుమ్మంలోంచి అమ్మ కనిపిస్తోంది. పడలేదు.

"ఏమని చెప్పాలె?" అన్నాను.

"నువ్వు చెప్పెటోనివే గదా. గొంతు వణకకుండ చెప్పు."

లోపల అందరికీ విస్తళ్ళు వేశారు. ఉగాది పచ్చడి మంగే తెచ్చింది. జడలో మల్లెలు. నా ముందు వంగి దొప్పలో పోసింది. అమ్మ సంతోషంగా, "ఇగ కానీ బిడ్డా, లగ్గం ముచ్చట మాట్లాడుదం" అని అక్కతో అంది. అక్క నా వైపు చూసింది. బావ నా ఎదురుగా కూర్చున్నాడు. ఎడమచేత్తో అన్నం కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఈ సంబంధం నాకు ఇష్టం లేదక్కా" అన్నాను.

గొంతు వణకలేదు.

అక్క మొదట పరాచికం అనుకుంది. "ఏందిరా, చీర గూడ తెస్తివి."

"అది నీకు తెచ్చిన."

"ఎందుకిష్టం లేదు?"

కారణం ఏదీ ఆలోచించి పెట్టుకోలేదు. అందరూ చూస్తున్నారు. మంగ పచ్చడి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. తనే అడిగింది. నాతో ఎప్పుడూ అంత నేరుగా మాట్లాడలేదు.

"ఆ దినం నేను నవ్విన్నని కోపమా బావా?"

"అవును" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఇంకో మాట దొరకలేదు. మంగ గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. ఏడుపు వినిపిస్తుందేమోనని చూశాను. వినిపించలేదు. అది ఇంకా బాధ.

అక్క మొహం మెల్లగా మారిపోయింది. అలా మారడం చిన్నప్పటి నుంచి ఎన్నడూ చూడలేదు. "నవ్వితె కోపమొచ్చేటోనివి కాదు నువ్వు. నాకు తెల్వదా? నా మొగని చెయ్యి పొయ్యింది. రేపు ఈ ఇల్లు నీ మీద పడ్తదని భయమైతున్నది నీకు. పర్మనెంటైంది గద. పెద్ద ఇంటి పిల్లొస్తది" అంది.

కాదు అనలేదు.

"ఇడిపించినవ్. నీ రుణం ఉన్నది. ఎట్లనన్న తీరుస్తం. కని మళ్ళ ఈ గడప తొక్కకు."

అమ్మ ఏడుస్తూ ఇద్దరి మధ్యకూ వచ్చింది. అక్క బావ వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు, గట్ల సూస్తవేంది" అంది.

"పోనియ్యే. బలిమి చేస్తె అయ్యేదా?" అన్నాడు బావ. ముద్ద జారితే మళ్ళీ కలుపుకుని తిన్నాడు. విస్తరి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

నేను తినకుండా లేచాను. ఎవరూ కూర్చోమనలేదు.

మార్చి 29

డ్యూటీకి పోయాను. కేసులేమీ లేవు.

ఏప్రిల్ 6

జానీని అడిగాను, ఆ రోజు గరుడ రెండులో ఏం జరిగిందని. వాడు బీడీ ముట్టించుకున్నాడు. "నువ్వు కాదన్నంక పర్వతాలు ఇంకొంచెం కొట్టిండు భాయ్. అబద్దాలు చెప్తవా అనుకుంట కొట్టిండు. ఆ చెయ్యి మీదనే" అన్నాడు. తర్వాత, "నాకు తెలుసు నీ బావేనని. ఆయన నీ పేరు, మీ అమ్మ పేరు, మీ ఊరు, అన్ని చెప్పిండు. నేనెట్లంట? నువ్వే కాదంటివి" అన్నాడు.

ఇది నాకు అప్పుడే చెప్పాల్సింది వాడు.

ఏప్రిల్ 7

వాడు చెప్తే మాత్రం నేనేం చేసేవాణ్ణి?

మే 19
సూర్యాపేట

క్యాంపు ఎత్తేశారు. మళ్ళీ కోతలొచ్చేదాకా మమ్మల్ని సూర్యాపేట ఆఫీసులో కూర్చోమన్నారు. సెట్లు రెండూ తుడిచి బీరువాలో పెట్టాను.

ఇవాళ అమ్మ వచ్చింది. మంగ పెళ్ళి మొన్న అయిందట. పెద్దవూర వైపు సంబంధం. రెండో పెళ్ళివాడు. మొదటి భార్య పోయింది, ఇద్దరు పిల్లలున్నారు. ఎద్దును అమ్మేశారట, పొలం కౌలుకిచ్చారట. బావ ఊరికే ఇంట్లో కూర్చుని ఉంటున్నాడట. "ఎవలతోని మాట్లాడడు బిడ్డా. నీ పేరెత్తితె మాత్రం ఇంటడు" అంది.

నేను హోటల్ నుంచి అన్నం తెప్పించాను. అమ్మ తింటూ తింటూ ఆగింది.

"ఆ పిల్లకేం తక్కువైంది కొడుకా? నిజం చెప్పు. నేనెవ్వలకు చెప్ప."

అమ్మ కళ్ళు మసకబారాయి. దగ్గరగా వంగితే గాని నా మొహం కనిపించదు. వంగి చూస్తోంది. ఆ ఒక్క నిమిషం చెప్పేద్దామనే అనుకున్నాను. మొదటి మాట నోట్లోకి వచ్చింది కూడా.

"నాకు నచ్చలేదమ్మా" అన్నాను.

అమ్మ తల ఊపింది. "నచ్చకపోతె ఏం చేస్తం. కొలువులున్నోళ్ళు, మీకు తెల్వదా" అంది. మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నమ్మింది. ఇంత తేలిగ్గా నమ్ముతుందనుకోలేదు.

సాయంత్రం బస్టాండ్‌లో ఆత్మకూర్ బస్సెక్కించాను. కిటికీ పక్కన కూర్చుని, "వచ్చే వారం వేములపల్లికి పోత. అక్కకు ఏమన్న చెప్పాల్నా?" అని అడిగింది.

ఏం లేదన్నాను.

డ్రైవర్ టీ తాగడానికి పోయాడు. బస్సు చాలాసేపు కదలలేదు. నేను కిటికీ ఊచ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మ మళ్ళీ అడగలేదు.